పాత డిస్కులో దాచిన పట్టాలు: కంప్యూటర్ నిల్వ, డ్రైవర్ల గురించి కోరాపుట్, రాయగడ తెలుగు కుటుంబాలకు కరదీపిక

కోరాపుట్, రాయగడ జిల్లాల్లో తరతరాలుగా స్థిరపడిన మన ఇళ్లలో బీరువా అడుగున ఒక రేకు పెట్టె తప్పకుండా ఉంటుంది. తాతల నాటి పట్టాలు, క్రయ దస్తావేజులు, బడి సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటోలు అందులో ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడే వరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. అందుకే కొందరి పెట్టెల్లో తెలుగులో రాసిన కాగితాలు ఇప్పటికీ దొరుకుతాయి. ఈ పదిహేనేళ్లలో చాలామంది వాటిని స్కాన్ చేయించి కంప్యూటర్‌లో పెట్టుకున్నారు. 'ఇక భయం లేదు' అనుకున్నారు.

మాకు బాగా తెలిసిన ఒక రాయగడ కుటుంబం కూడా అలాగే అనుకుంది. ల్యాప్‌టాప్ నెమ్మదించిందని బాగుచేయించడానికి ఇచ్చారు. పాత హార్డ్ డిస్కు తీసి కొత్తది వేశారు, కొత్త విండోస్ ఎక్కించారు. పాత డిస్కును ఫార్మాట్ చేసి ఇంకెవరికో వాడేశారు. 'డేటా ఉంచాలి' అని ఇచ్చినవారు గట్టిగా చెప్పలేదు, తీసుకున్నవారు అడగలేదు. దస్తావేజుల అసలు ప్రతులు పెట్టెలో ఉన్నాయి కదా, మళ్లీ స్కాన్ చేద్దామనుకుంటే, పాత స్కానర్ కొత్త విండోస్‌లో పలకలేదు. డ్రైవర్ కోసం ఇంటర్నెట్‌లో వెతికితే ఏదో 'అప్‌డేటర్' దిగి, తెర నిండా ప్రకటనలు మొదలయ్యాయి. స్కానర్ సంగతి చివరికి సర్దుకుంది. కానీ ఆ డిస్కులో చనిపోయిన నాయనమ్మ గొంతు రికార్డింగ్ ఒకటి ఉండేది. దానికి అసలు ప్రతి మరెక్కడా లేదు.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. ఒకటి, కంప్యూటర్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, అందులో ఉన్నది పోతే కొనలేం. రెండు, పరికరం బాగున్నా దాని డ్రైవర్ లేకపోతే అది బల్ల మీద బరువే. ఈ రెంటికీ ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లను వరుసగా చెబుతున్నాం.

మీ కంప్యూటర్‌లో ఏ డిస్కు ఉంది?

ముందు ఇది తెలుసుకోవాలి. విండోస్ 10, 11లలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో 'పెర్ఫార్మెన్స్' భాగంలో డిస్కు మీద నొక్కితే అది హెచ్‌డీడీయా, ఎస్ఎస్‌డీయా అన్నది కనిపిస్తుంది.

హెచ్‌డీడీ అంటే పాతకాలపు హార్డ్ డిస్కు. లోపల అద్దంలా మెరిసే పళ్లాలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటాయి. చదివే ముల్లు పళ్లేన్ని తాకకుండా, వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో తేలుతూ ఉంటుంది. తిరుగుతున్నప్పుడు కుదుపు తగిలినా, కరెంటు పదేపదే పోయి వచ్చినా దానికి ప్రమాదం. ఘాట్ రోడ్డు బస్సులో ల్యాప్‌టాప్ తీసుకెళ్లేటప్పుడు 'స్లీప్'లో పెట్టి సంచిలో పడేయకండి. పూర్తిగా ఆపి, దీపాలు ఆరాకే సర్దండి.

ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలేవీ ఉండవు. మెమరీ చిప్‌లలోనే అంతా ఉంటుంది. అందుకే వేగం ఎక్కువ, కుదుపుకు భయం తక్కువ. కానీ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఎస్ఎస్‌డీలో చెరిపేసిన ఫైళ్లను తిరిగి రాబట్టడం చాలాసార్లు కుదరదు, ఎందుకంటే ఖాళీ అయిన చోటును అది తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. అలాగే కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెట్టి ఉంచడానికి ఎస్ఎస్‌డీ, పెన్‌డ్రైవ్‌లు తగినవి కావు. ఆ పనికి హెచ్‌డీడీయే నయం. దాన్నీ ఏడాదికొకసారైనా తిప్పి చూడాలి.

కొనేముందు చూసుకోవాల్సినవి

పాత ల్యాప్‌టాప్‌కు కొత్త ప్రాణం పోయాలంటే హెచ్‌డీడీ తీసి ఎస్ఎస్‌డీ వేయడం కన్నా మంచి ఖర్చు లేదు. అయితే అన్ని ఎస్ఎస్‌డీలూ అన్నిటికీ పట్టవు.

సాటా రకం రెండున్నర అంగుళాల పెట్టెలా ఉంటుంది. పాత ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు స్థానంలో నేరుగా కూర్చుంటుంది. సెకనుకు సుమారు 550 ఎంబీ దాకా చదవగలదు. పాత డిస్కు 9.5 మిల్లీమీటర్ల మందం ఉండి కొత్తది 7 మిల్లీమీటర్లే ఉంటే వదులుగా ఊగుతుంది. దానికి ప్లాస్టిక్ చట్రం ఒకటి అడిగి తీసుకోండి.

ఎం.2 రకం చూయింగ్ గమ్ ముక్కలా సన్నగా ఉంటుంది. మీద '2280' అని ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. చాలామంది పొరబడేది ఇక్కడే. ఎం.2 ఆకారంలోనే సాటా వేగంతో నడిచేవి ఉన్నాయి, ఎన్‌వీఎంఈ పద్ధతిలో నడిచేవీ ఉన్నాయి. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ ఒకదాని గూట్లో మరొకటి పనిచేయకపోవచ్చు. ల్యాప్‌టాప్ మోడల్ నంబరు పట్టుకుని తయారీదారు వెబ్‌సైట్‌లో ఏ రకం పడుతుందో చూశాకే డబ్బు చెల్లించండి. ఎన్‌వీఎంఈలో మూడో తరం పీసీఐఈవి సెకనుకు సుమారు 3500 ఎంబీ, నాలుగో తరంవి 7000 ఎంబీ దాకా వెళ్తాయి. ఉత్తరాలు టైపు చేసుకోవడానికి, ఫొటోలు చూసుకోవడానికి ఈ తేడా కంటికి కనిపించదు. హెచ్‌డీడీ నుంచి ఏ ఎస్ఎస్‌డీకి మారినా తేడా మాత్రం మొదటి రోజే తెలుస్తుంది.

1 టీబీ కొంటే విండోస్‌లో 931 జీబీయే చూపిస్తోందని కొందరు దుకాణదారుతో గొడవ పడతారు. అది మోసం కాదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. 500 జీబీది 465గా కనబడటమూ అంతే.

నిజమైన మోసం వేరే ఉంది. అతి తక్కువ ధరకు 1 టీబీ, 2 టీబీ పెన్‌డ్రైవ్ అని అమ్మేవాటిలో లోపల ఉండేది 32 జీబీయో, 64 జీబీయో. అది నిండేవరకు బాగానే ఉంటుంది, ఆ తర్వాత వేసినవన్నీ పాడవుతాయి. కొన్న రోజే 'హెచ్2టెస్ట్‌డబ్ల్యూ' అనే ఉచిత ప్రోగ్రాంతో మొత్తం నింపి పరీక్షిస్తే దొంగ సరుకు బయటపడుతుంది. లినక్స్ వాడేవారికి ఇదే పనికి 'ఎఫ్3' ఉంది.

పెన్‌డ్రైవ్‌లో పెళ్లి వీడియో ఎక్కడం లేదంటే చోటు లేదని కాదు. అది ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. లోపలివి వేరేచోట పెట్టి, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే సరిపోతుంది. మొదట ఖాళీ చేసుకోవడం మరవకండి, ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి.

డిస్కు ముందే చెబుతుంది

హార్డ్ డిస్కు చాలాసార్లు చెప్పాపెట్టకుండా పోదు. చెప్పింది మనం వినం. ఫోల్డరు తెరవడానికి నిమిషాలు పట్టడం, ఫైళ్ల పేర్లు గజిబిజి కావడం, టిక్కు టిక్కుమని ఒకే తీరున చప్పుడు రావడం దాని హెచ్చరికలు.

ప్రతి డిస్కు తన ఆరోగ్యాన్ని తానే రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ నివేదిక అంటారు. 'క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో' అనే ఉచిత ప్రోగ్రాం దాన్ని చూపిస్తుంది. నీలం రంగు వస్తే మంచిది, పసుపు వస్తే జాగ్రత్త, ఎరుపు వస్తే ప్రమాదం. హెచ్‌డీడీ అయితే మూడు వరుసలు చూడండి: 05 నంబరు పాడైన చోట్లను పక్కన పెట్టిన లెక్క, సీ5 చదవలేక అనుమానంలో ఉంచిన చోట్ల లెక్క, సీ6 సరిచేయలేకపోయిన వాటి లెక్క. ఈ మూడూ సున్నా ఉండాలి. సున్నా దాటి పెరుగుతూ ఉంటే ఆ రోజే కాపీ తీసుకోండి, మర్నాటికి వాయిదా వేయకండి.

డిస్కు ఇప్పటికే ములుగుతూ ఉంటే ఇలా చేయండి:

- మొదట విలువైన ఫోల్డర్లను మాత్రమే కాపీ చేయండి. సినిమాలు తర్వాత.
- 'చెక్ డిస్క్' లాంటి మరమ్మతు ఆజ్ఞలు నడపకండి. చావుబతుకుల్లో ఉన్న డిస్కును అవి మరింత శ్రమపెడతాయి.
- 'ఫార్మాట్ చేయమంటారా?' అని విండోస్ అడిగితే వద్దనే చెప్పండి.
- చప్పుడు చేస్తుంటే ఆపేయండి. డేటా అత్యవసరమైతే డేటా రికవరీ చేసే ప్రత్యేక సంస్థకే ఇవ్వాలి. మూత విప్పే పని దుమ్ములేని గదిలోనే జరగాలి. మామూలు బల్ల మీద విప్పినా, ఫ్రిజ్‌లో పెట్టినా ఉన్న ఆశ కూడా పోతుంది.

ల్యాప్‌టాప్ చచ్చిపోయిందంటే డిస్కు పోయినట్టు కాదు. డిస్కు బయటికి తీసి సాటా నుంచి యూఎస్‌బీకి కలిపే చిన్న కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించి చూడండి. డెస్క్‌టాప్‌లలో వాడే మూడున్నర అంగుళాల పెద్ద డిస్కులకు విడిగా 12 వోల్టుల కరెంటు ఇచ్చే అడాప్టరు కావాలి. ఇరవై ఏళ్ల నాటి వెడల్పాటి రిబ్బను కేబుల్ డిస్కులు ఐడీఈ రకానివి. సాటా, ఐడీఈ రెండూ పట్టే అడాప్టర్లు కూడా దొరుకుతాయి.

ఒక హెచ్చరిక. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావరకు డిస్కును బిట్‌లాకర్ పద్ధతిలో తాళం వేసే వస్తున్నాయి. అలాంటి డిస్కు వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్కు బాగున్నా ఎవరూ తెరవలేరు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఈ రోజే చూసి కాగితం మీద రాసి, ఆ రేకు పెట్టెలోనే పెట్టండి.

మూడు ప్రతులు, రెండు చోట్లు

కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, ఊరి బయట ఒకటి. ఈ మూడూ ఉంటేనే దాచినట్టు. బయటి డిస్కులోకి మార్చేసి కంప్యూటర్‌లో తీసేస్తే అది ఇంకో ప్రతి కాదు, చోటు మార్చడమే.

ఊరి బయట ఎందుకంటే, మన ప్రాంతం చూసిన అనుభవమే చెబుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను కొండల మీది కోరాపుట్‌నూ వదల్లేదు. 2017 జులైలో రాయగడ జిల్లాలో వచ్చిన వరదలకు రైలు వంతెనలే కొట్టుకుపోయాయి. ఇంట్లో నీళ్లు చేరితే కంప్యూటర్, దాని పక్కనే ఉన్న బయటి డిస్కు రెండూ కలిసే తడుస్తాయి. మనలో చాలామందికి పార్వతీపురంలోనో, విజయనగరంలోనో, హైదరాబాద్‌లోనో పిల్లలో, అన్నదమ్ములో ఉన్నారు. పండక్కి వెళ్లినప్పుడు ఒక డిస్కు అక్కడ ఉంచి రండి, వాళ్లది ఇక్కడికి తెచ్చుకోండి. ఖర్చు లేని ఏర్పాటు ఇది.

ఆన్‌లైన్‌లో దాచుకోవడమూ మంచిదే. గూగుల్ ఖాతాకు ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ అందులోనే సర్దుకోవాలి. వీడియోలకు సరిపోదు కానీ స్కాన్ చేసిన దస్తావేజులకు ధారాళంగా సరిపోతుంది. ఆ ఖాతా పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి. తండ్రి పోయాక ఆయన ఖాతా తెరవలేక తిప్పలు పడ్డ ఇళ్లు మాకు తెలుసు.

వానాకాలంలో మన కొండ ప్రాంతపు చెమ్మ డిస్కులకు మంచిది కాదు. బయటి డిస్కును సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకుండా నడపకండి. సీడీలు, డీవీడీలు ఉంటే వాటిలోని పెళ్లి వీడియోలను ఇప్పుడే డిస్కులోకి మార్చండి. చదివే డ్రైవ్ ఉన్న కంప్యూటర్లే తగ్గిపోతున్నాయి.

డ్రైవర్ అంటే ఏమిటి?

కంప్యూటర్‌కూ, దానికి తగిలించిన పరికరానికీ మధ్య దుబాసీ లాంటి చిన్న ప్రోగ్రామే డ్రైవర్. తెలుగు రాని ఆఫీసరుకూ, ఒడియా రాని పెద్దమనిషికీ మధ్య మనవాళ్లు ఎన్నిసార్లు మాట అందించలేదు! దుబాసీ లేకపోతే ఇద్దరూ మంచివాళ్లే అయినా పని జరగదు. విండోస్ మారితే దుబాసీ కూడా మారాలి. 2020 జనవరి 14న విండోస్ 7కు, 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆపేసింది. కొత్తదానికి మారే ప్రతి ఇంట్లో ఏదో ఒక పాత పరికరం అలుగుతుంది.

డ్రైవర్ వెతికే వరుస ఇది. పైనుంచి కిందికి వెళ్లండి, మధ్యలో దారి తప్పకండి.

ఒకటి, విండోస్ అప్‌డేట్. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ తెరిస్తే అక్కడ డ్రైవర్ల జాబితా విడిగా ఉంటుంది. సగం సమస్యలు ఇక్కడే తీరుతాయి. కొత్త విండోస్ వేశాక వైఫై డ్రైవరే లేక ఇంటర్నెట్ రాకపోతే, ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి 'యూఎస్‌బీ టెథరింగ్' నొక్కండి. సాధారణంగా విడిగా ఏ డ్రైవరూ అడగకుండానే నెట్ వస్తుంది.

రెండు, తయారీదారు వెబ్‌సైట్. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరో, డెల్ అయితే సర్వీస్ ట్యాగో కొట్టండి. మీ మోడల్‌కు సరిపోయేవే చూపిస్తుంది. విండోస్ ఎన్నో నంబరుదో సరిచూసుకోండి. అదే పేజీలో బయోస్ అప్‌డేట్ కూడా కనిపిస్తుంది. అవసరం లేనిదే దాని జోలికి వెళ్లకండి. వేసే మధ్యలో కరెంటు పోతే కంప్యూటర్ లేవకపోవచ్చు.

మూడు, పరికరం గుర్తింపు సంఖ్య. ఇది తెలిసినవారు తక్కువ, ఉపయోగం ఎక్కువ. స్టార్ట్ బొమ్మ మీద కుడి మీట నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు త్రిభుజం ఉన్న పరికరం మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. లోపలి పరికరాలకు 'వెన్', 'డెవ్' అని, యూఎస్‌బీ వాటికి 'విడ్', 'పిడ్' అని మొదలయ్యే సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది తయారీదారుది, రెండోది మోడల్‌ది. తయారీదారు సంఖ్య 8086 అయితే ఇంటెల్, 10డీఈ అయితే ఎన్‌విడియా, 1002 అయితే ఏఎండీ, 10ఈసీ అయితే రియల్‌టెక్. యూఎస్‌బీలో 03ఎఫ్0 అయితే హెచ్‌పీ, 04ఏ9 అయితే కెనాన్, 04బీ8 అయితే ఎప్సన్. 'అన్‌నోన్ డివైస్' అన్నది ఎవరిదో ఇలా తేలిపోతుంది.

నాలుగు, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్. ఇది మైక్రోసాఫ్ట్ సొంత వెబ్‌సైట్. పైన తీసుకున్న గుర్తింపు సంఖ్యను వెతికే పెట్టెలో అతికిస్తే దానికి సరిపోయే డ్రైవర్లు, పాతవాటితో సహా, ఉంటే చూపిస్తుంది. దిగిన ఫైలును విప్పి, డివైస్ మేనేజర్‌లో 'అప్‌డేట్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డరు చూపించాలి. మొదట చెప్పిన కుటుంబం స్కానర్ చివరికి ఈ దారిలోనే పలికింది.

ఈ నాలుగు దారులు తప్ప మరోటి వద్దు. 'మీ కంప్యూటర్‌లో 27 డ్రైవర్లు పాతబడ్డాయి' అని బెదిరించే ప్రోగ్రాంలు, వెతుకులాటలో ప్రకటనగా పైన కనిపించే డ్రైవర్ సైట్లు నమ్మకండి. ఆధార్ వేలిముద్ర యంత్రాలు వాడే సేవా కేంద్రాల వారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వాటి ఆర్‌డీ సర్వీసును తయారీదారు దగ్గర నుంచే దించుకోండి.

డిస్కే కనిపించకపోతే

కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ ఎక్కిస్తుంటే 'డ్రైవ్‌లు ఏవీ దొరకలేదు' అని ఆగిపోతుంది. డిస్కు పోయిందనుకుని కొత్తది కొన్నవారున్నారు. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కు వీఎండీ అనే ఏర్పాటు వెనుక ఉంటుంది. దాని డ్రైవర్ లేకపోతే విండోస్ ఇన్‌స్టాలర్‌కు డిస్కు కనిపించదు. ల్యాప్‌టాప్ తయారీదారు పేజీ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ తీసుకుని, విప్పి, పెన్‌డ్రైవ్‌లో వేసి, 'లోడ్ డ్రైవర్' నొక్కి చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది.

బయోస్‌లో వీఎండీని ఆపేసినా కనిపిస్తుంది. కానీ ఇప్పటికే విండోస్ నడుస్తున్న కంప్యూటర్‌లో ఆ మార్పు చేస్తే ఉన్న విండోస్ లేవకపోవచ్చు.

పాత ప్రింటర్లు, స్కానర్లు

మన జెరాక్స్ దుకాణాల్లో, సంఘాల కార్యాలయాల్లో ఇప్పటికీ హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కెనాన్ ఎల్‌బీపీ 2900 లాంటివి పనిచేస్తున్నాయి. యంత్రం గట్టిది, కానీ సొంతంగా ఆలోచించే శక్తి తక్కువ. ఉదాహరణకు 1020కి ఆన్ చేసిన ప్రతిసారీ నడిపించే ప్రోగ్రాంను కంప్యూటరే పంపాలి. అందుకే డ్రైవర్ సరిగా లేకపోతే కాగితం కదలదు.

విండోస్ 11 కేవలం 64 బిట్‌దే. 32 బిట్ కాలపు డ్రైవర్లు అందులో ఎక్కవు. 64 బిట్ డ్రైవర్ తయారీదారు ఇవ్వకపోతే రెండు దారులున్నాయి. స్కానర్‌కైతే 'వ్యూస్కాన్' అనే ప్రోగ్రాం చాలా పాత మోడళ్లను సొంత డ్రైవర్లతో నడిపిస్తుంది, అది డబ్బు పెట్టి కొనాలి. లేదా పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసుకోవచ్చు. అందులో స్కానర్లకు 'సేన్', హెచ్‌పీ ప్రింటర్లకు 'హెచ్‌పీలిప్' ఉన్నాయి. రెండూ ఉచితం. ఇవేవీ కుదరకపోతే పాత విండోస్ ఉన్న కంప్యూటర్‌నే స్కానింగ్‌కు మాత్రం ఉంచి, దానికి ఇంటర్నెట్ కనెక్షన్ తీసేయండి.

పాత తెలుగు ఫైళ్లకు మరో చిక్కు ఉంది. అను, శ్రీలిపి లాంటి ఫాంట్లలో టైపు చేసిన ఆహ్వాన పత్రికలు, సంచికలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ఫైలు భద్రంగానే ఉంటుంది, చదివేవారే ఉండరు. పాత కంప్యూటర్ వదిలేసే ముందే వాటిని తెరిచి పీడీఎఫ్‌గా దాచండి. ఇకపై టైపు చేసేవి యూనికోడ్‌లో చేయండి.

కంప్యూటర్ బాగుకు ఇచ్చే ముందు

- 'పాత డిస్కు ఫార్మాట్ చేయకుండా నాకు తిరిగి ఇవ్వాలి' అని రసీదు మీద రాయించండి. కొత్త డిస్కు వేశాక పాతదాన్ని కనీసం ఆరు నెలలు ముట్టుకోకుండా దాచండి.
- కంప్యూటర్ ఇంకా నడుస్తుంటే, ఇచ్చే ముందు మీరే ఒక కాపీ తీసుకోండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ నాలుగూ చూడండి. మనవాళ్లు ఎక్కువగా డెస్క్‌టాప్ మీదే పెడతారు.
- విండోస్‌లోనే ఉండే 'పీఎన్‌పీ యుటిల్' అనే సాధనంతో, విడిగా వేసుకున్న డ్రైవర్లన్నీ ఒక ఫోల్డరులోకి దించుకోవచ్చు. తెలిసినవారి చేత చేయించి ఆ ఫోల్డరు పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. అదే విండోస్ మళ్లీ వేసినప్పుడు వెతుకులాట తప్పుతుంది.
- ల్యాప్‌టాప్, ప్రింటర్, స్కానర్ మోడల్ నంబర్లు, బిట్‌లాకర్ కీ ఒకే కాగితం మీద రాసి పెట్టండి.

ఏడాదికొకసారి

జాగ్రత్తలు చదివినప్పుడు బాగుంటాయి, తేదీ లేకపోతే జరగవు. మన ప్రాంతంలో వర్క్‌షాపుల్లో, కార్యాలయాల్లో సెప్టెంబరులో విశ్వకర్మ పూజ చేస్తారు. ఇళ్లలో దసరాకు ఆయుధ పూజ ఉంటుంది. కంప్యూటర్‌కు కూడా పసుపు, కుంకుమ పెడతాం. ఆ రోజునే బయటి డిస్కు తీసి తగిలించండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో రంగు చూడండి. ఆ ఏడాది ఫొటోలు, కాగితాలు అందులో చేర్చండి. ఏవైనా నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి, తెరుచుకోని ప్రతి ప్రతే కాదు. అంతా కలిపి గంట పని.

రాయగడ కుటుంబం తమ దస్తావేజులన్నీ మళ్లీ స్కాన్ చేసుకుంది. ఇప్పుడు ఒక ప్రతి ఇంట్లో, ఒకటి విజయనగరంలో కూతురి దగ్గర ఉంది. నాయనమ్మ గొంతు మాత్రం తిరిగి రాలేదు. మీ ఇంట్లో అలాంటి గొంతు, అలాంటి ఫొటో ఒకే డిస్కులో ఒంటరిగా ఉంటే, ఈ రాత్రికే దానికి ఒక తోడు ఏర్పాటు చేయండి.